‘సహకరించడం లేదు’ అని రాసే ముందు

ఓటీ అంటే ఆపరేషన్ థియేటర్ అనుకునే ఊరు మాది. అనంతపురంలో పద్నాలుగేళ్లుగా ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ), అంటే జబ్బు పడినవాళ్లకు రోజువారీ పనులు మళ్లీ తామే చేసుకోవడం నేర్పే వైద్యం, చేస్తున్నా సగం మందికి ఇప్పటికీ నేను ‘కరెంటు పెట్టే మేడం’నే. కరెంటు పెట్టేది పక్క గదిలోని ఫిజియో సార్. పాతూరు వైపు రెండు గదులు, ముందు వరండాలో ఒక పొడుగు బెంచీ, అంతే మా క్లినిక్.

మా దగ్గర శిక్షణకు, అంటే పోస్టింగుకు, వచ్చే ఓటీ విద్యార్థులు సోషల్ సైకాలజీ పేపరు రాసేసి వస్తారు. ఆష్ గీతల ప్రయోగం ఏ సంవత్సరం అంటే టక్కున చెప్తారు. అదే రోజు మధ్యాహ్నం ఒక పెద్దాయన పెగ్ బోర్డు (రంధ్రాల్లో చిన్న పుల్లలు గుచ్చే చెక్క) ముందు చేతులు ముడుచుకుని కూర్చుంటే ఫైల్లో ‘మోటివేషన్ లేదు’ అని గీకేస్తారు. ఆ మాట అంత తొందరగా రాయొద్దనే కదా ఆ పేపరంతా చెప్పేది! పేషెంట్ లోపల ఏముందో చూసే ముందు, అతని చుట్టూ ఎవరున్నారో చూడమంటుంది. అది గదిలో ఎట్లా చేయాలో, నాకు తెలిసినంత రాస్తున్నా.

ముందు నా తప్పు చెప్తా.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నా. కళ్యాణదుర్గం అవతల ఒక పల్లె నుంచి అరవై దాటిన రైతు వచ్చేవాడు. పక్షవాతం, కుడి చెయ్యి, కుడి కాలు. పదింటికి రమ్మంటే పన్నెండుకు వచ్చేవాడు. వచ్చినా పెగ్గులు ముట్టేవాడు కాదు, గోడ వైపు చూస్తూ కూర్చునేవాడు. మూడో వారం నేను ఫైల్లో ‘సహకరించడం లేదు, ఆసక్తి లేదు’ అని రాసి సంతకం పెట్టాను. దాంతో అతని పేరు లిస్టులోంచి పోయింది. నెల తర్వాత మందుల కోసం వచ్చిన అతని భార్య వరండాలో ఎదురుపడింది. మీ ఆయన రావడమే మానేశాడేమమ్మా అని, ఏమీ ఎరగనట్టు అడిగాను.

‘‘యాం జేస్తాం మేడం. మా ఊరికి బస్సు తొమ్మిదికి గాని రాదు. బస్సు ఎక్కియ్యాలంటే కొడుకు ట్రాక్టరు దిగి రావల్ల. వాన్ని అడగలేక ఆయప్ప ముందు దినం రాత్రంతా నిద్రపోడు. ఈడికొస్తే పిల్లోళ్ల ఆట ఆడమంటారంట, బెంచీ మీద అందరూ చూస్తాండారంట. ఇంటికొచ్చి ఏడ్సినాడు.’’

బస్సు, కొడుకు, బెంచీ. మూడూ అతని బయట ఉన్నవే. నేను మాత్రం అతని లోపల ‘ఆసక్తి లేదు’ అని ఒక జబ్బు కనిపెట్టాను.

దీనికి లీ రాస్ అనే అమెరికన్ 1977లో పెట్టిన పేరు ఫండమెంటల్ అట్రిబ్యూషన్ ఎర్రర్. ఎదుటి మనిషి ఏదైనా చేస్తే అది అతని స్వభావం అనుకుంటాం, పరిస్థితిని లెక్కలోకి తీసుకోం. అంతకు పదేళ్ల ముందే, 1967లో, జోన్స్, హారిస్ అనే ఇద్దరు దీన్ని చూపించారు. క్యూబా నాయకుడు కాస్ట్రోను మెచ్చుకుంటూ రాసిన వ్యాసాన్ని విద్యార్థులకు ఇచ్చారు. ఎటు వైపు రాయాలో రాసినవాడికి ముందే నిర్ణయించి ఇచ్చారని చెప్పినా సరే, చదివినవాళ్లు అతను లోపల కొంతైనా కాస్ట్రో మనిషే అనుకున్నారు.

పరీక్షలో ఇక్కడితో ఆపేస్తారు. మనకు పనికొచ్చేది దీని తర్వాత ఉంది. 1984లో జోన్ మిల్లర్ చికాగోలోని అమెరికన్లనూ, మన మైసూరులోని హిందువులనూ పోల్చి చూసింది. చిన్నపిల్లలు రెండు చోట్లా ఇంచుమించు ఒకే రకంగా కారణాలు చెప్పారు. వయసు పెరిగేకొద్దీ అక్కడివాళ్లు ‘వాడి గుణం అది’ అనే వైపు, మైసూరువాళ్లు ‘ఆ పరిస్థితిలో ఏం చేస్తాడు’ అనే వైపు జరిగారు. అనంతపురం నుంచి మైసూరు ఏమంత దూరం! అవ్వాతాతల దగ్గర పెరిగినవాళ్లం, ‘పాపం, ఏం కష్టమొచ్చిందో’ అనడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. తెల్ల కోటు తొడుక్కోగానే మాత్రం చికాగో వాళ్లమైపోతాం.

కాబట్టి ఇట్లా చేయండి. చిన్న నోటు పుస్తకంలో ఎడమ పేజీలో పేషెంట్ చేసింది మాత్రమే రాయండి: ‘పన్నెండుకు వచ్చాడు. పెగ్గు ముట్టలేదు. గోడ వైపు చూశాడు.’ బద్ధకం, మొండి, ఆసక్తి లాంటి మాటలు ఆ పేజీలో రాకూడదు. కుడి పేజీలో ఆ పనికి అతని బయట ఉండగల కారణాలు మూడు రాయండి. రెండు తేలిగ్గా వస్తాయి. మూడోది రాదు. అది కావాలంటే పేషెంట్‌నో, ఇంటివాళ్లనో అడగాల్సిందే. అసలు మూడు రాయమనేది అందుకే.

అడిగేటప్పుడు ‘ఎందుకు లేటు?’ అనొద్దు. ఆ మాటకు మన దగ్గర జవాబు ఒక్కటే, తల దించుకోవడం. ‘ఈ రోజు ఎట్లా వచ్చినారు, ఎవరు తోడు వచ్చినారు, మళ్లీ ఎట్లా పోతారు?’ అనండి. బస్సు టైము, ఆటో ఖర్చు, కోడలి కూలి పని, అన్నీ వాటంతటవే బయటికొస్తాయి.

బెంచీ మీద జనం

ఆ రైతు పెద్దాయన్ని బతిమాలి మళ్లీ పిలిపించుకున్నాను. ఈసారి పెగ్గులు తీయలేదు. ‘ఇంట్లో ఏ పని చేసుకోలేక బాధగా ఉంది పెద్దాయనా?’ అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, ‘తినేది’ అన్నాడు.

కుడి చెయ్యి పడిపోయిన మనిషికి ఎడమ చేత్తో తినడం నేర్పమని పుస్తకాలు తేలిగ్గా చెప్తాయి. మన పల్లెలో ఎడమ చేత్తో ముద్ద ఎత్తితే ఏమవుతుందో ఆ పుస్తకాలకు తెలియదు. ఆయన భార్య తినిపించేది, తలుపు మూసి. మనవరాలు తొంగి చూస్తే నోరు మూసుకునేవాడు. పెళ్లిళ్లకు పోవడం మానేశాడు. సామాజిక నియమం అంటే ఇదే. ఎవరూ పైకి చెప్పరు, ఎక్కడా రాసి ఉండదు, తప్పితే మాత్రం అన్నం గొంతు దిగదు.

మేం ఏం చేశామో కొంచెం వివరంగా చెప్తా. ముందు డాక్టరు ఆయనకు మింగడంలో ఇబ్బంది లేదని చూసి చెప్పారు. పక్షవాతం తర్వాత ఇది తప్పనిసరి, ఎందుకంటే రాగి సంగటి నమలం, మింగుతాం. తర్వాత సంగటి పని చూడండి. గట్టిగా ఉన్న ముద్దలోంచి మూడు వేళ్లతో, బొటనవేలితో తుంచాలి, అరచేతిలో ఉండ చేయాలి, పప్పులో అద్దాలి, ముంజేయి తిప్పి నోటి దాకా తేవాలి. ఆయన కుడి చేతికి తుంచడం రాదు, పిడికిలితో పట్టుకోవడం కొంచెం వస్తుంది. అందుకని తుంచే పని భార్యకు ఇచ్చాం. రోజూ చేసేదానికంటే గట్టిగా గెలికి, నిమ్మకాయంత ఉండలు చేసి తట్టలో విడివిడిగా పెట్టమన్నాం. ఎత్తడం, అద్దడం, నోట్లో పెట్టుకోవడం ఆయన వంతు, కుడి చేత్తోనే. నిమ్మకాయంత ఉండను ఒక్కసారిగా మింగకూడదు, కొద్దికొద్దిగా కొరుక్కోవాలి. చేతికి పట్టు వచ్చేకొద్దీ ఉండ ఉసిరికాయంత అయింది. ఊరిబిండి అద్దుకున్న రోజు చొక్కా మీద సగం పడింది. ఆ చొక్కా భార్య పక్కన దాచిపెట్టి నాకు చూపించింది, నవ్వుతూ.

ఇదంతా తలుపు మూసిన గదిలో జరిగింది. ఎందుకో చెప్తా. 1898లో నార్మన్ ట్రిప్లెట్ పక్కన పోటీగా ఇంకొకరుంటే సైకిలు తొక్కేవాళ్లు వేగంగా పోతున్నారని గమనించి, పిల్లలతో చేపల గాలం చక్రాలు తిప్పించి చూశాడు. తర్వాత వచ్చిన ప్రయోగాల్లో కొన్నిట్లో జనం ఉంటే పని మెరుగైంది, కొన్నిట్లో చెడిపోయింది. ఈ చిక్కుముడిని 1965లో రాబర్ట్ జాయన్స్ విప్పాడు. పక్కన ఎవరైనా ఉంటే ఒంట్లో ఉద్రేకం పెరుగుతుంది. అప్పుడు బాగా అలవాటైన పని ఇంకా బాగా వస్తుంది, కొత్త పని ఇంకా పాడవుతుంది. 1969లో ఆయన బృందం దీన్ని బొద్దింకల మీద కూడా చూసింది. తోటి బొద్దింకలు చూస్తుంటే తిన్నని దారిలో తొందరగా పరుగెత్తాయి, మలుపుల దారిలో ఆలస్యమయ్యాయి. బొద్దింకకే టెన్షన్ ఉంటే ఊరి పెద్ద రైతుకు ఉండదా?

కాబట్టి గదిలోకి ఎవరైనా రాగానే ‘ఇది ఈయనకు కొత్త పనా, పాత పనా?’ అని చూసుకోండి. కొత్తదైతే తెర వేయండి. మీ స్నేహితులను కూడా బయటికి పంపండి. నలుగురు విద్యార్థులు చుట్టూ నిలబడి చూసే పరీక్షలో పేషెంట్‌కు ఎన్ని మార్కులు వచ్చాయన్నది ఆ చేతి లెక్క కాదు. పాత పనైతే బెంచీ దగ్గరికే తీసుకెళ్లండి. మా పెద్దాయనకు విత్తనం శెనక్కాయలు ఒలవడం చిన్నప్పటి నుంచి తెలుసు. కుడి చెయ్యి కాయను అదిమి పట్టుకుంటే చాలు, ఎడమ చెయ్యి పగలగొడుతుంది. రెండు చేతులూ కలిసి చేసే పని అది, మనకు కావలసింది అదే. బెంచీ మీద కూర్చుని చేటలో ఒలుస్తుంటే పక్కవాళ్లు ‘ఈ ఏడు కాయ ఎట్లుంది పెద్దాయనా’ అని అడిగేవాళ్లు. పెగ్ బోర్డు ముందు గోడ వైపు చూసిన మనిషి ఇక్కడ వాన గురించి, రేటు గురించి అరగంట మాట్లాడాడు.

బెంచీకి ఇంకో ఉపయోగం ఉంది. తనవల్ల అవుతుందన్న నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందని 1977లో ఆల్బర్ట్ బందూరా చెప్పాడు: తాను చేసి చూడడం, తనలాంటివాడు చేయగా చూడడం, ఇతరులు ధైర్యం చెప్పడం, ఒంట్లో దడా అలసటా ఎంత ఉన్నాయో గమనించుకోవడం. మనం మూడోదాన్ని తెగ వాడతాం, ‘మీరు చేయగలరు, చేయగలరు’ అని. అది చాలా బలహీనమైన దారి. అపాయింట్‌మెంట్లు ఇచ్చేటప్పుడే పక్షవాతం వచ్చి రెండు నెలలైనవాడి పక్కన ఆరు నెలలైనవాడు కూర్చునేలా చూడండి. పూర్తిగా బాగైనవాడిని కూర్చోబెట్టొద్దు, వాడు తనలాంటివాడు అనిపించడు.

పెద్దాయన ఇంట్లో తనంతట తాను తింటున్నాడు. పెళ్లిళ్లలో మాత్రం ఇప్పటికీ తినడు, ఇంటికి వచ్చి తింటాడు. అది నేను మార్చలేకపోయాను.

అమ్మలకు క్లాసు పీకొద్దు

సెరిబ్రల్ పాల్సీ (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ సరిగా మాట వినని స్థితి) ఉన్న ఏడేళ్ల పాప. ఎనిమిదింటికి స్కూలు ఆటో. తల్లి మూడు నిమిషాల్లో గౌను తొడిగి బొత్తాలు పెట్టేస్తుంది. పాప తనే పెట్టుకుంటే ఇరవై నిమిషాలు. తల్లిది తప్పనలేం. కానీ అన్నీ ఎవరో చేసి పెడుతుంటే మనిషి ఏమవుతాడో 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ చూశారు. అమెరికాలోని కనెక్టికట్‌లో ఒక వృద్ధాశ్రమం. ఒక అంతస్తువాళ్లకు ‘మీ గది ఎట్లా సర్దుకోవాలో మీ ఇష్టం, ఈ మొక్కను మీరే పెంచుకోండి, సినిమా ఏ రాత్రి చూస్తారో మీరే చెప్పండి’ అన్నారు. ఇంకో అంతస్తువాళ్లకూ మొక్క ఇచ్చారు, కానీ నర్సులు నీళ్లు పోస్తారన్నారు, సినిమా ఏ రోజో కూడా వాళ్లే చెప్పారు. మూడు వారాలకే మొదటివాళ్లు ఎక్కువ చురుగ్గా, సంతోషంగా కనిపించారు. ఏడాదిన్నర తర్వాత వాళ్లలో మరణాలు కూడా తక్కువన్న మాట మీ నోట్సులో పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ లెక్కలో పొరపాటు దొర్లిందని పరిశోధకులే తర్వాత సవరణ వేశారు, తేడా అంత గట్టిది కాదు. మొక్క సంగతి రాయండి, మరణాల సంగతి అంత గట్టిగా రాయొద్దు.

ఇదంతా తల్లికి ఉపన్యాసంలా చెప్తే ‘సరే మేడం’ అని వెళ్లి మర్నాడు తనే బొత్తాలు పెడుతుంది. రెండో ప్రపంచ యుద్ధం నాడు మాంసం కొరత వచ్చి, గుండె, కిడ్నీల లాంటివి వండమని అమెరికన్ గృహిణులకు చెప్పాల్సి వచ్చింది. (మన దగ్గరైతే బోటీ కూరకు ఎవరికీ నచ్చజెప్పక్కర్లేదు.) కర్ట్ లెవిన్ కొన్ని గుంపులకు మంచి ఉపన్యాసం ఇప్పించాడు, కొన్ని గుంపులను వాళ్లలో వాళ్లే మాట్లాడుకుని చేతులెత్తి తీర్మానించుకోనిచ్చాడు. ఉపన్యాసం విన్నవాళ్లలో ఆ మాంసం కొత్తగా వండింది 3 శాతం, మాట్లాడుకున్నవాళ్లలో 32 శాతం.

చేతులెత్తి తీర్మానించుకోవడం మన ఆడవాళ్లకు కొత్తా? పొదుపు సంఘం మీటింగుల్లో ఏళ్ల తరబడి చేస్తున్నదే. నెలలో ఒక శనివారం ఐదారుగురు తల్లులను చాప మీద కూర్చోబెడతాను. నేను మాట్లాడను, అది కష్టమే అనుకోండి. ‘ఈ వారం పాపకు వదిలేసే ఒక్క పని ఏది?’ అని మాత్రం అడుగుతాను. ఒకామె అంది, ‘కింద బొత్తం ఒక్కటి. పైవన్నీ నేను పెడతా, ఆఖరుది దాన్ని పెట్టుకోమంటా.’ నేను ఆరు నెలల కోర్సులో నేర్చుకున్న బ్యాక్‌వర్డ్ చెయినింగ్, అంటే పనిలో ఆఖరి మెట్టును ముందు నేర్పడం, అదే! ఆమె ఆటో టైము లెక్క వేసుకుని తనే కనిపెట్టింది. మిగతావాళ్లు ఆ మాటను ఆమె నోట విన్నారు కాబట్టి పాటించారు.

‘అంతా బాగుంది మేడం’

లక్ష్యాలు అడిగేటప్పుడు వచ్చే జవాబు ఇది. కోడలికి కీళ్లవాతం, వేళ్లు వంకర తిరుగుతున్నాయి. పక్కన అత్త, మరిది. ఏ పని కష్టంగా ఉందమ్మా అంటే అత్త చెప్తుంది, ‘రొట్టెలు చేసేది’. మరిది చెప్తాడు, ‘బట్టలు ఉతికేది’. కోడలు తలాడిస్తుంది. 1951లో సోలమన్ ఆష్ చూసింది ఇదే. కళ్లెదుట కనిపించే గీత పొడుగును కూడా, గుంపంతా తప్పు చెప్తే, ప్రయోగానికి వచ్చినవాళ్లు దాదాపు మూడో వంతు సార్లు తప్పే చెప్పారు. అక్కడ ఒక్క తోడు నిజం చెప్తే ఆ సంఖ్య బాగా పడిపోయింది. కాబట్టి అత్తను బయటికి పంపి గొడవ తెచ్చుకోకండి. ‘చెయ్యి కొలవాలి’ అని కోడలిని పక్క గదికి తీసుకెళ్లి కొలుస్తూ అడగండి. ఆ కోడలు చెప్పింది రొట్టె కాదు, ఉతుకుడు కాదు. ‘కూతురికి జడ వేయలేకపోతున్నా.’

కెనడావాళ్లు 1991లో తెచ్చిన సీఓపీఎంలో (ఏ పని ఎంత బాగా చేసుకోగలుగుతున్నారో పేషెంట్‌నే అడిగే ఫారం) ఒకటి నుంచి పది వరకు మార్కులు వేయమంటారు. మన పెద్దవాళ్లు మేడం నొచ్చుకుంటుందేమో అని పదికి పది వేస్తారు. నేను ముందుగా ‘రూపాయికి ఎన్నణాలు బాగైంది?’ అని అడిగి మాట కలుపుతాను. ‘ఆరణాలు’ అని నిక్కచ్చిగా చెప్తారు. ఫారంలో రాసేది మాత్రం పద్ధతి ప్రకారం మళ్లీ అడిగి తీసుకున్న అంకే. అణాల సంగతి వైవాలో (నోటి పరీక్షలో) చెప్పకండి.

మిల్‌గ్రామ్ గురించి ఒక్క మాట. 1963లో అచ్చయిన ఆయన ప్రయోగంలో 40 మందిలో 26 మంది, పక్క గదిలోని మనిషికి కరెంటు షాక్ కొడుతోందనుకుంటూనే, కోటు వేసుకున్నాయన చెప్తున్నాడని, ఆఖరు మీట దాకా నొక్కారు. మన గదిలో కోటు మనది. నొప్పి వచ్చినా పళ్లు బిగబట్టి చెయ్యి చాపే పేషెంట్లు మన దగ్గర ఎక్కువ. మొదలుపెట్టక ముందే ‘నొప్పి వస్తే ఎడమ చెయ్యి ఎత్తండి, ఆపేస్తా’ అని చెప్పి, ఒకసారి ఉత్తినే ఎత్తించి, ఆపి చూపించండి.

పాత విద్యార్థి మాట

పోస్టింగు మారేటప్పుడు ‘ఆ మూడో నంబరు పేషెంట్ మొండిది’ అని కొత్తవాళ్లకు అప్పజెప్పి పోతుంటారు. 1950లో హెరాల్డ్ కెల్లీ అమెరికాలోని ఎమ్ఐటీ విద్యార్థులకు కొత్త లెక్చరర్ గురించి ఒక పరిచయ పత్రం ఇచ్చాడు. సగం మంది పత్రంలో ‘ఆప్యాయత గలవాడు’, సగం మంది దాంట్లో ‘ముభావి’, మిగతాదంతా ఒకటే. ఒకే మనిషి, ఒకే క్లాసు. ఆప్యాయత అని చదివినవాళ్లకు ఆయన నచ్చాడు, వాళ్లే ఎక్కువగా చర్చలో కలిశారు. ఫైల్లో రోగ నిర్ధారణ, బీపీ, ఫిట్లు, పడిపోయే ప్రమాదం, ఇవి ముందే చదవండి, తప్పదు. స్వభావం గురించి రాసిన వాక్యాలు మాత్రం పేషెంట్‌తో పది నిమిషాలు గడిపాకే చదవండి.

పరికరాలు ఇచ్చేటప్పుడు కూడా ఈ చూపే కావాలి. అరవై ఏళ్ల మనిషికి చేతికర్ర ఇస్తే మా పల్లెల్లో అది హోదా, భుజాన టవలుతో బాగా కుదురుతుంది. ఇరవై రెండేళ్ల కుర్రాడికి అదే కర్ర ఇస్తే బస్టాండులో దాచేసి వస్తాడు. గాఫ్‌మన్ అనే సమాజ శాస్త్రవేత్త 1963లో స్టిగ్మా (మనిషి మీద పడే మచ్చ) గురించి చెప్పింది ఇదే, మచ్చ వస్తువులో లేదు, చూసేవాళ్ల కళ్లలో ఉంది. కుర్రాడికి పొడుగు గొడుగు అడుగున రబ్బరు బుడిపె వేయించి చూశాను. బరువు మోయాల్సిన కాలికి అది చాలదు, కొంచెం తూలే కాలికి సరిపోయింది. అనంతపురంలో వాన లేకుండా గొడుగేంట్రా అని స్నేహితులు ఏడిపించారట. ఎండకు అని చెప్పాడట.

పోస్టింగుకు వచ్చేటప్పుడు నోటు పుస్తకం చిన్నది తెచ్చుకోండి, కోటు జేబులో పట్టేది. ఫోన్లో టైప్ చేస్తుంటే పేషెంట్ మీరు వాట్సాప్ చూస్తున్నారనుకుంటాడు.